లోపలికి నూరు కళ్లు, బయటికి తాళం

బెంగళూరులో ఏ పెద్ద అపార్ట్‌మెంటుకు వెళ్లినా గేటు దగ్గర మన పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతారు. పేరు, ఫోన్ నంబరు, ఏ టవరు, ఏ ఫ్లాటు, ఎవరు రమ్మన్నారు. సెక్యూరిటీ అబ్బాయి మన ఫొటో తీసి పైకి పంపుతాడు. పైనున్నవాళ్లు ఫోన్లో సరే అని నొక్కితేగానీ గేటు తెరుచుకోదు. మనవరాలిని చూడ్డానికి వచ్చిన తాతకైనా ఇదే వరస. గేటు దగ్గర కెమెరా, లిఫ్టులో కెమెరా, కారిడార్లో కెమెరా. ఇంత కాపలా ఉన్నచోట ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు. అర్ధరాత్రి పొగ కమ్మితే పద్నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగేది ఎట్లా?

నా బాధంతా దీని గురించే. లోపలికి ఎవరొస్తున్నారో చూడటంలో ఉన్న శ్రద్ధ, మనం బయటపడే దారి మీద లేదు. ముసలాయన ఊరికే సణుగుతాడని మా అసోసియేషన్ కుర్రాళ్లు అనుకుంటారు. అనుకోనీ. ఈ ఊళ్లో నేను చూసినవి, పేపర్లో చదివి నిద్రపట్టక పొర్లినవి చెప్పకుండా ఉండలేను.

హిందూపురం నుంచి ఉద్యోగానికని నేను ఇక్కడికొచ్చింది 1970లలో. జాలహళ్లిలో గడియారాల ఫ్యాక్టరీలో పని, మల్లేశ్వరంలో ఒక వఠారంలో కాపురం. రెండు గదులు, ఎర్ర గచ్చు, పైన మంగళూరు పెంకు, అందరికీ కలిపి వాకిట్లో ఒక కొళాయి. తలుపు తీస్తే వాకిలి, వాకిలి దాటితే వీధి. ఏం జరిగినా నాలుగడుగుల్లో ఆరుబయట నిలబడేవాళ్లం. కిరోసిన్ స్టవ్వు భగ్గుమంటే వెనకింటి కన్నడావిడ తడిపిన గోనెపట్టాతో మాకంటే ముందే వంటింట్లోకి వచ్చేసేది. ఎవరింట్లో మంచం దిగలేని ముసలామె ఉందో, ఎవరింట్లో నెలలు నిండిన పిల్ల ఉందో వఠారం మొత్తానికీ తెలుసు. ఆ మాత్రం తెలిసి ఉండటమే ఆనాటి మా భద్రత.

అప్పట్లో ప్రమాదాలే లేవని నేననను. 1981 ఫిబ్రవరిలో వీనస్ సర్కస్ డేరా తగలబడి 92 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. 1983 సెప్టెంబరులో కపాలి థియేటరు దగ్గర, ఇంకా కడుతుండగానే గంగారాం బిల్డింగు కుప్పకూలి 123 మంది చచ్చిపోయారు. ఆ రెండు వార్తల మధ్యే మా పిల్లలు పుట్టారు. ఏడంతస్తులంటేనే గుండె దడదడలాడే కాలమది. మేమెరిగిన ఎత్తైన కట్టడమంటే ఎం.జి. రోడ్డులోని 25 అంతస్తుల యుటిలిటీ బిల్డింగు. ఊరి నుంచి చుట్టాలొస్తే లాల్‌బాగ్, విధానసౌధ చూపించాక దాని కిందకూ తీసుకెళ్లేవాళ్లం. మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసి, బస్సెక్కి నేల మీదున్న ఇళ్లకు వచ్చేసేవాళ్లం. అంత ఎత్తున పిల్లలను పెంచుతారని, బియ్యం బస్తాలు మోయిస్తారని, తొంభై ఏళ్ల తల్లిని పడుకోబెడతారని మాలో ఎవరూ ఊహించలేదు.

ఇప్పుడు వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు, బన్నేరుఘట్ట రోడ్డు, ఎటు చూసినా టవర్లే. బన్నేరుఘట్ట రోడ్డులో 46 అంతస్తుల మంత్రి పినాకిల్ లేచి నిలబడింది. మారతహళ్లి దాటితే లిఫ్టుల్లో తెలుగే వినిపిస్తుంది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు, ఖమ్మం పిల్లలు సగం జీతం బ్యాంకు అప్పుకు కట్టి ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నారు. మా అబ్బాయీ అంతే. ఈత కొలను ఉందా, జిమ్ము ఉందా, పిల్లలకు స్కేటింగ్ ఉందా అని చూశాడు. మెట్ల తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశావా అని నేనడిగితే నవ్వాడు. కొనేవాళ్లెవరూ దాన్ని చూడరు, అందుకే అమ్మేవాళ్లూ చూపించరు.

2010 ఫిబ్రవరి 23ను ఈ ఊరు మరిచిపోకూడదు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనం. ఏడంతస్తులే. కరెంటు తీగలు పైకి పోయే షాఫ్టులో మంట పుట్టింది. మంట పెద్దదేం కాదు, పొగ పెద్దది. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య తీగలు దూరే కంతలను మూయకపోతే ఆ షాఫ్టు పొగగొట్టంలా పనిచేస్తుంది, కింద రాజుకున్నది నిమిషాల్లో పైకి చేరుతుంది. బయటికి పోయే దారులు కొన్నిచోట్ల తాళాలతో, కొన్నిచోట్ల సామానుతో మూసుకుపోయి ఉన్నాయి. ఊపిరాడక కిటికీ అద్దాలు పగలగొట్టి జనం దూకారు. తొమ్మిది మంది పోయారు, పదుల మంది గాయపడ్డారు. పట్టపగలు, నగరం నడిబొడ్డున, రోడ్డు మీద వందల మంది చూస్తుండగా. ఆ దుఃఖంలో నుంచి బియాండ్ కార్ల్‌టన్ అనే పౌర సంస్థ పుట్టింది, అగ్నిప్రమాదాల గురించి నేటికీ ఈ నగరానికి గుర్తుచేస్తూనే ఉంది. మనం విన్నామా? మీ టవరులో కరెంటు షాఫ్టు తలుపు ఒకసారి తీసి చూడండి. చాలాచోట్ల అక్కడ చీపుళ్లు, పెయింటు డబ్బాలు, పాత పేపర్ల కట్టలు ఉంటాయి.

మెట్ల సంగతి చెప్తాను. మెట్ల దగ్గర ఉండే బరువైన తలుపు అలంకారానికి పెట్టింది కాదు. పొగను గంటల తరబడి ఆపడానికి పెట్టింది. అది ఎప్పుడూ మూసి ఉండాలి, తాళం మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. మా దగ్గర దీనికి సరిగ్గా తలకిందులు. గాలి కోసమని కింది అంతస్తుల్లో ఆ తలుపులకు ఇటుకలు అడ్డం పెడతారు, దొంగల భయమని మిద్దె మీది తలుపుకు తాళం వేస్తారు. మలుపు దగ్గర పిల్లల సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, విరిగిన ఉయ్యాల. ఫలానా అంతస్తు వాళ్లను అవి తీయమంటే, మా ఫ్లాటు ముందు జాగా మాదే కదా అంకుల్ అంటారు. పొగలో కళ్లు కనపడక దిగే మనిషికి ఆ చెప్పుల స్టాండు ఎవరిదైతేనేం?

నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కన 15 మీటర్లు దాటితే అది ఎత్తైన భవనం. 24 మీటర్లు దాటాక, ఒక్కసారిగా కిందికి దిగలేనివాళ్లు ఆగి సహాయం కోసం ఎదురుచూడటానికి రెఫ్యూజ్ ఏరియా అని ఖాళీ జాగా వదలాలి. వదులుతారు కూడా. ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడ ఎవరివో పాత సోఫాలు చేరతాయి. ఇంకొకచోట, పేరు చెప్పను, దాన్ని టేబుల్ టెన్నిస్ గది చేసి తాళం వేశారు. కింద పంపుల గది ఉంటుంది. మంటలార్పే పైపుల్లో ఒత్తిడి తగ్గగానే పంపు దానంతటదే మొదలవ్వాలి, అందుకని ప్యానల్ మీద మీట ఆటోలో ఉండాలి. ఎక్కడో పైపు కారుతోంది, ఊరికే మోటారు తిరుగుతోంది అని దాన్ని మాన్యువల్‌లోకి తిప్పేస్తారు. ఆ కారే పైపును బాగుచేయించడానికి కొటేషన్లు పిలుస్తారు. కొటేషన్లు వచ్చేలోపు కమిటీ మారుతుంది. కొత్త కమిటీకి ఆ మీట సంగతే తెలియదు. నేను ఫ్యాక్టరీలో యంత్రాల మధ్య బతికినవాణ్ని. ఆ మీటను అట్లా వదిలేసినవాణ్ని మా ఫోర్‌మన్ ఆ పూటే ఇంటికి పంపేవాడు.

ఇక గ్రిల్లులు. 2021 సెప్టెంబరు 21న బేగూరు దగ్గర దేవరచిక్కనహళ్లిలో ఒక అపార్ట్‌మెంటు ఫ్లాటుకు మంటలంటుకున్నాయి. ఇంట్లో నుంచి బాల్కనీలోకి వచ్చిన ఆడమనిషి అక్కడి ఇనప గ్రిల్లు దాటలేకపోయింది. ఎదుటి ఫ్లాట్లవాళ్లు చూస్తుండగానే, కేకలు వినపడుతుండగానే ప్రాణం పోయింది. లోపల ఇంకొకరు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ దక్కలేదు. ఆ వీడియో నాకూ ఎవరో పంపారు, సగం కూడా చూడలేకపోయాను.

గ్రిల్లులు పీకెయ్యమని నేను చెప్పను. చిన్నపిల్లలున్న ఇంట్లో బాల్కనీ తెరిచి ఉంచడం ఎంత ప్రమాదమో తెలుసు. కానీ ఒక పక్కన లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఒకటి పెట్టించుకోవచ్చు, తాళం చెవి అక్కడే మేకుకు తగిలించొచ్చు. నిచ్చెన అందే అంతస్తుల్లో దానితో మనిషి బతుకుతాడు. వెల్డింగు చేసే అతన్ని అడిగితే ఒక్క పూట పని. మా రోజుల్లో కిటికీలకూ ఊచలుండేవి, నిజమే. అయితే ఇంటికి వెనక తలుపు కూడా ఉండేది. ఫ్లాటుకు వెనక తలుపు లేదు.

నిచ్చెన మాటొచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. కర్ణాటక అగ్నిమాపక శాఖ దగ్గర 90 మీటర్ల ఎత్తు అందుకునే నిచ్చెన బండి ఉంది, ఫిన్లాండు తయారీ. మంచిదే. అది సాయంత్రం ఆరింటికి అవుటర్ రింగు రోడ్డు దాటి రావాలి. వచ్చాక గేటు దగ్గరి ఆర్చి కింద దూరాలి. టవరు చుట్టూ బండి తిరిగేందుకు వదిలిన దారిలో విజిటర్ల కార్లు, దీపావళికి టెంట్లు, దసరాకు స్టేజీ ఉండకూడదు. కాళ్లు చాపుకుని నిలబడటానికి ఆ బండికి గట్టి నేల కావాలి, బేస్‌మెంటు కప్పు మీద వేసిన పచ్చగడ్డి చాలదు. ఇవన్నీ కుదిరినా 90 మీటర్ల పైన ఉన్నవాళ్లు మెట్లనే నమ్ముకోవాలి.

పగటిపూట ఈ టవర్లలో ఎవరుంటారో ఎవరైనా లెక్క వేశారా? కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతారు. మిగిలేది మాలాంటి ముసలివాళ్లు, బడికి పోని పసివాళ్లు, పనిమనుషులు. మనవళ్లను చూసుకోవడానికి ఒంగోలు నుంచో కడప నుంచో ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మలు ఎందరో. వాళ్లకు కన్నడం రాదు, హిందీ రాదు. లిఫ్టు మధ్యలో ఆగితే అందులోని ఫోన్లో అవతలి సెక్యూరిటీ అబ్బాయి హిందీలో మాట్లాడతాడు. మంటలొస్తే ఏం చేయాలన్న బోర్డు ఇంగ్లీషులో ఉంటుంది. స్పీకర్లో వచ్చే హెచ్చరికా ఇంగ్లీషే. మా పక్క ఫ్లాటు పెద్దమ్మ, చంటిదాన్ని చంకనేసుకుని ఆ బోర్డు కింద రోజూ లిఫ్టు కోసం నిలబడుతుంది. అదేమిటో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. పెద్దమ్మా, సైరన్ మోగితే లిఫ్టెక్కొద్దు, పిల్లను తడిగుడ్డ కప్పి మెట్ల మీదుగా దిగు అని నేను చెప్తే, అట్లాగా నాయనా, నాకు తెలీదే అంది. అపార్ట్‌మెంటులో ఫైర్ డ్రిల్ చేశారు, కాదనను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు రానక్కర్లేదు అని మెసేజ్ పెట్టారు. అసలు దిగడం ఎవరికి కష్టమో వాళ్లు లేకుండా చేసిన డ్రిల్ ఎవరిని కాపాడుతుంది?

ఇంకొకటి, నోరు తెరిచి ఎవరూ అడగరు కాబట్టి నేనే అడుగుతున్నాను. మనిషి పోతే ఎట్లా? వఠారంలో ఒకరు పోతే వాకిట్లో దింపేవాళ్లం, వీధి వీధంతా వచ్చేది. ఇక్కడ పెద్దాయన ఒకరు పోతే స్ట్రెచరు లిఫ్టులో పట్టలేదు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. కింద అరగంట ఉంచడానికి జాగా లేదన్నారు. క్లబ్ హౌస్ ముందు వద్దు, పిల్లలు ఆడుకుంటారు. బేస్‌మెంటులో రెండు కార్ల మధ్య ఆయనకు చివరి నీళ్లు పోశారు. నలభై ఏళ్లు మేస్టారుగా పనిచేసిన మనిషి. గుండెనొప్పి వచ్చినవాణ్ని దింపడానికైనా అదే లిఫ్టు, అదే కుర్చీ. లిఫ్టులకు 2012లో కర్ణాటక ఒక చట్టం చేసింది, తనిఖీలు చేయాలి, లైసెన్సు ఉండాలి. ఆ కాగితం లిఫ్టులో అతికించారో లేదో చూడండి, తేదీ కూడా చూడండి.

పైన ఉన్నవాళ్ల గోడు ఇంత చెప్పాను, కింద ఉన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2022 సెప్టెంబరులో యమలూరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు మునిగి, కోట్ల విలువ చేసే ఇళ్లవాళ్లు ట్రాక్టర్లలో బయటికొచ్చారు. చెరువుల్లోకి నీళ్లు పోయే రాజకాలువలను మూసి కట్టుకున్న ఊరు ఇది. వాన గట్టిగా పడితే నీళ్లు మొదట బేస్‌మెంటునే వెతుక్కుంటాయి, కరెంటు ప్యానళ్లేమో అక్కడే ఉంటాయి. 2025 మే నెలలో బీటీఎం లేఅవుట్ పక్కన ఎన్.ఎస్. పాళ్యలో బేస్‌మెంటు నీళ్లు మోటారుతో తోడబోయిన 63 ఏళ్ల పెద్దమనిషి కరెంటు కొట్టి చనిపోయాడు. ఆయనతో పాటు, అక్కడ పనిచేసే కుటుంబంలోని 12 ఏళ్ల పిల్లవాడు కూడా. 2023 డిసెంబరులో వర్తూరు దగ్గర ఒక సముదాయంలో ఈత కొలను దగ్గర చిన్నపాప పోయింది. నీళ్లలో మునగడం వల్ల కాదని, కరెంటు షాకు వల్లేనని తర్వాత తేలింది. అసోసియేషన్ బాధ్యులను, నిర్వహణ సిబ్బందిని పోలీసులు అరెస్టు చేశారు. అరెస్టులతో పాప తిరిగి రాదు. కొలను చుట్టూ దీపాల వైర్లు, ఎర్తింగు, కరెంటు లీకయితే క్షణంలో ఆపేసే బ్రేకరు ఏడాదికోసారి చూపిస్తే సరిపోయేది.

మురుగునీటి శుద్ధి ట్యాంకుల (ఎస్టీపీ) గురించి తలుచుకుంటే నాకు కోపం ఆగదు. 2018 జనవరిలో హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ దగ్గర సోమసుందరపాళ్యలో అపార్ట్‌మెంటు ఎస్టీపీ శుభ్రం చేయడానికి దిగి ముగ్గురు మనుషులు ఊపిరాడక చచ్చిపోయారు. మనిషిని అట్లా దించకూడదని 2013లోనే దేశం చట్టం చేసుకుంది. ఈ ఊరిని ఊడ్చే పౌరకార్మికుల్లో తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. మన టవర్లకు ఇటుక మోసింది పాలమూరు, అనంతపురం జనం. వాళ్ల కోసం వేరే లిఫ్టు, గేటు దగ్గర వేరే రిజిస్టరు పెట్టాం. ట్యాంకులోకి దిగే ముందు విషవాయువు చూసే మీటరు, నడుముకు కట్టే తాడు పెట్టలేదు. మా అసోసియేషన్‌లో ఈ మాట అన్నప్పుడు, అది ఏజెన్సీ వాళ్ల బాధ్యత అంకుల్ అన్నారు. ట్యాంకు ఎవరిది? అందులో ఉన్నది ఎవరి మురుగు?

నీళ్ల గురించి పెద్దగా చెప్పను, అందరికీ అనుభవమే. మేము కొళాయి దగ్గర బిందెలు పెట్టి నిలబడ్డాం. 1974లో కావేరి మొదటి దశ వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. ఆ నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తు ఎక్కి వస్తాయి, ఆ పైన మళ్లీ ఇరవయ్యో అంతస్తు ఎక్కాలి. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు, తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. 12,000 లీటర్ల ట్యాంకరు దగ్గర్లోకైతే వెయ్యి రూపాయలని ధర కట్టారు. ఇన్ని టవర్లు లేపే ముందు నీళ్ల లెక్క చూసి ఉండాల్సింది.

చట్టాలు లేక కాదు. అపార్ట్‌మెంటు యజమానుల చట్టం కర్ణాటకలో 1972 నుంచి ఉంది. ఇళ్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని ఇంటికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వవద్దని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ సర్టిఫికెట్ లేకుండానే గృహప్రవేశాలు జరిగిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో. నిర్లక్ష్యం ఈ ఊరి ఒక్కదానిదే కాదు. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవరు 2017 జూన్‌లో కాలి 72 మంది పోయారు. ఇట్లా జరుగుతుందని అక్కడి నివాసులు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు, వినాల్సినవాళ్లు వినలేదు. ఎత్తు తక్కువైనంత మాత్రాన ఊరట లేదని హైదరాబాద్ గుల్జార్ హౌజ్ చెప్పింది. 2025 మే 18న చార్మినార్ పక్కనే, పెద్ద ఎత్తేం లేని పాత ఇంట్లో, బయటికి ఒకే ఇరుకు దారి ఉన్నందున పిల్లలతో సహా 17 మంది పోయారు.

మొన్నటి జనరల్ బాడీ మీటింగులో గంటన్నర సేపు మాట్లాడింది గేటు దగ్గర ముఖం గుర్తుపట్టే కొత్త మెషిన్ గురించి. నా వంతు వచ్చేసరికి సగం మంది లేచిపోయారు. అయినా రాసి ఇచ్చాను. ప్రతి అంతస్తులో సొంతంగా దిగలేనివాళ్ల పేర్లు, వాళ్లను దింపే ఇద్దరు పొరుగువాళ్ల పేర్లు రాసి సెక్యూరిటీ గదిలో పెట్టాలి. మోసుకుని దింపే కుర్చీ టవరుకొకటి కొనాలి. మంటల బోర్డులు కన్నడంలో, తెలుగులో, హిందీలో, తమిళంలో రాయించాలి. పంపు మీట ఏ స్థితిలో ఉందో రోజూ ఒకరు చూసి సంతకం పెట్టాలి. మెట్ల మీది సామాను ఈ ఆదివారం లోపల తీయాలి, తీయకపోతే నేనూ, మూడో అంతస్తు రిటైర్డు హెడ్‌మాస్టరు గారూ కలిసి ఒక్కొక్కటే కిందికి మోసి ఆఫీసు ముందు పెడతాం. సెక్రటరీ ఆ కాగితం తీసుకుని, చూద్దాం అంకుల్ అన్నాడు. ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెడుతున్నాం.